పిల్లల మనస్సునకు బోధనోపకరణములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రెండు బీరువాలతో, ఒక బల్లతో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొన్నది. నాకు ముందు మాటలాడిన పెద్దలు దీని చరిత్రను, దాతల ఔదార్యమును చక్కగా వివరించిరి. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయము వేరు. "మేష్టారూ! మీరు ముప్పది యేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవారు. సుఖదుఃఖములను గూర్చి, స్నేహములను గూర్చి, కుటుంబ జీవనమును గూర్చి పిల్లలకు బడిలో ఎట్లు నేర్పవలెనో, అందుకు ఏ ఉపకరణములు కావలెనో చెప్పండి" అని కోరిరి.

లెక్కలు నేర్పుటకు పూసల చట్రము కలదు. భూగోళ పాఠమునకు గోళము కలదు, గోడ పటము కలదు. ప్రకృతి శాస్త్రమునకు గాజు గొట్టములు, అయస్కాంతములు కలవు. మరి దుఃఖమును, కోపమును, అసూయను, స్నేహమును నేర్పుటకు ఏ పటమును గోడకు తగిలింపవలెను? కొందరికి ఇది నవ్వులాటగా తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచెడిది. ఈ ప్రశ్నకు సమాధానము నాకు ఈ గ్రంథాలయములోనే, ఒక చిన్న పిల్లవాని వలన దొరికినది. ఆ సంగతితోనే ఆరంభించెదను. అది నా గొప్పను చెప్పు కథ కాదు. నా తప్పును చెప్పు కథ.

ఇరువది యేండ్ల క్రిందటి మాట. నాలుగవ తరగతి పిల్లలచేత "మా కుటుంబము" అను వ్యాసమును వ్రాయించుచుంటిని. మచ్చునకు నల్లబల్లమీద నేనే కొన్ని వాక్యములు వ్రాసితిని. మా కుటుంబములో నలుగురము ఉన్నాము, మా నాన్న పొలమునకు పోవును, మా అమ్మ వంట చేసి మాకు అన్నము పెట్టును, మేము సుఖముగా ఉన్నాము — ఇవి ఆ వాక్యములు. మరునాడు పిల్లలందరును పేర్లు మార్చి ఆ వాక్యములనే వ్రాసి తెచ్చిరి. ఒక్కడు మాత్రము తెల్లకాగితము తెచ్చెను. ఎందుకు వ్రాయలేదని అడిగితిని. బదులు లేదు. మరల అడిగితిని. నేలచూపులు చూచుచు నిలుచుండెను. మొండితనమని తలచి, మధ్యాహ్నపు గంట కొట్టువరకు వానిని తరగతి గుమ్మము వెలుపల నిలువబెట్టితిని.

ఆ సాయంకాలము పత్రిక చూచుకొనుటకు ఇక్కడికి వచ్చితిని. ఆ పిల్లవాడు మూలనున్న చాపమీద కూర్చుండి ఒక బొమ్మల పుస్తకమును చూచుచుండెను. తల్లి ఆవును సంతకు తోలుకొనిపోగా కొట్టములో మిగిలిపోయిన దూడ కథ అది. అప్పటి మన గ్రంథపాలకుడు పెద్ద చదువులు చదివినవాడు కాడు. కాని పిల్లలన్న వానికి ప్రాణము. అతడు వాని ప్రక్కన చతికిలబడి, "ఈ దూడకేమైందిరా? గడ్డి ముట్టడం లేదేం?" అని అడిగెను.

"బెంగ పెట్టుకుందండి."

"ఎవరి మీద?"

"వాళ్ళమ్మ మీదండి. వాళ్ళమ్మ డబ్బులకోసం కువైట్ వెళ్ళిపోయిందండి."

గ్రంథపాలకుడు నవ్వలేదు. ఆవు సంతకు పోయినదేకాని కువైట్ పోలేదని దిద్దలేదు. "మళ్ళీ ఎప్పుడొస్తుందిట?" అని మాత్రము అడిగెను. "రెండేళ్ళయితేగాని పంపించరంటండి" అని వాడు చెప్పెను. కొంతసేపటికి దూడ కథ పోయి వాని కథయే వచ్చెను. తల్లి ఇండ్లలో పనిచేయుటకు కువైట్ పోయినది. ఆదివారమునాడు టెలిఫోను బూతు దగ్గర కూర్చుండవలెను. పిలుపు వచ్చిన వచ్చినట్లు, లేకున్న లేనట్లు. తండ్రి ఇంటిపట్టున ఉండడు. నాయనమ్మ చూపు ఆనకున్నను వండి పెట్టుచున్నది. నేను నల్లబల్లమీద వ్రాసిన వాక్యములలో ఒక్కటియు వాని ఇంటికి సరిపడదు. అబద్ధము వ్రాయుటకు వానికి మనసు ఒప్పలేదు. నిజమును ఎట్లు వ్రాయవలెనో ఎవరును నేర్పలేదు. తెల్లకాగితము తెచ్చినందులకు నేను దండించితిని.

మరునాడు వానిని దగ్గరకు పిలిచి, "నిన్నటిది నా పొరపాటురా. వ్యాసం వద్దు, మీ అమ్మకు ఉత్తరం రాయి" అంటిని. కాగితము రెండు ప్రక్కల నిండ వ్రాసెను. చిరునామా వ్రాయుటకు మాత్రమే నా సాయము కావలసివచ్చినది.

సోదరులారా! ఆ పిల్లవాని నోట మొదట వచ్చిన మాటను గమనింపుడు. "బెంగ". ఆ ఒక్క మాట దొరకినంతనే తక్కినదంతయు బయటికి వచ్చినది. కాబట్టి పిల్లల మనస్సునకు కావలసిన మొదటి ఉపకరణము మాట అని నా నిశ్చయము. ఈ ఉపకరణము విషయములో మన తెలుగువారు పేదలు కారు. తల్లి కనబడకున్న బెంగ. అడిగినది ఈయకున్న అలక. నలుగురిలో తక్కువచేసిన చిన్నబుచ్చుకొనుట. ఎదుటివానిని ఏమియు చేయలేని కోపము ఉక్రోషము. క్రొత్తవారి యెదుట బెరుకు. చీకటిలో గుబులు. కారణము తెలియక మనసు బరువెక్కిన దిగులు. వీనినన్నిటిని నేటి పిల్లలు "మూడ్ బాగాలేదు" అను ఒక్క మాటలో కుక్కి చెప్పుచున్నారు. ఉక్రోషముతో నున్న పిల్లవానికి కావలసినది వేరు, బెంగతో నున్నవానికి కావలసినది వేరు. పేరు తెలియని రోగమునకు మందు ఎట్లు ఇత్తుము?

మన పూర్వులు ఈ సంగతిని ఎరుగనివారు కారు. భరతముని నాట్యశాస్త్రములో 8 స్థాయిభావములను, 33 సంచారిభావములను పేర్కొనెను. రతి, హాసము, శోకము, క్రోధము, ఉత్సాహము, భయము, జుగుప్స, విస్మయము అనునవి స్థాయిభావములు. ఆ 33లో శంక, అసూయ, దైన్యము, చింత, లజ్జ, గర్వము, విషాదము మొదలైనవి ఉన్నవి. వానిలో "అవహిత్థ" అని ఒకటి కలదు. లోపలి భావమును పైకి కనబడకుండ దాచుకొనుట అని దాని అర్థము. దాచుకొనుటను కూడ ఒక భావముగా లెక్కించిన సూక్ష్మదృష్టి అది. ఆనాడు నా యెదుట నేలచూపులు చూచుచు నిలిచినవానిలో ఉన్నది అదియే. నేను దానికి మొండితనమని పేరు పెట్టితిని.

ఇప్పటి శాస్త్రజ్ఞులును దీనిని పరీక్షించి చూచిరి. 2007లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు పెద్దవారికి కోపముతోను, భయముతోను ఉన్న ముఖముల బొమ్మలను చూపి, వారి మెదడు ఎట్లు పనిచేయుచున్నదో యంత్రముతో పరిశీలించిరి. మెదడులో బాదముగింజ ఆకారమున ఒక చిన్న భాగమున్నది. దానిని అమిగ్డలా అందురు. భయాదులు కలిగినప్పుడు అది చురుకుగా పనిచేయును. చూచుచున్న ముఖములోని భావమునకు తగిన మాటను ఎన్నుకొన్నప్పుడు ఆ భాగపు ఉద్రేకము తగ్గినదని వారు కనుగొనిరి. మనసులోని మాట చెప్పుకొన్న భారము తగ్గునని మన అవ్వలు అనుభవముచేత ఎరిగినదానికి ఇది ఒక సాక్ష్యము.

ఈ ఉపకరణమునకు ఖర్చు ఎంత? ఒక అట్ట, ఒక రంగుపెన్సిలు. తరగతి గోడమీద ఆ మాటలను వ్రాసి ప్రక్కన ముఖముల బొమ్మలు వేయింపవచ్చును. ప్రతివారము పిల్లలే తమ ఇంట విన్న క్రొత్త మాటను తెచ్చి చేర్తురు. హాజరు పిలిచినప్పుడు ఇష్టమున్నవారు "ఉన్నానండి" అనుటతోపాటు ఆ పటములోని ఒక మాటను చెప్పవచ్చును. ఇష్టము లేనివారు "ఉన్నానండి" అని ఊరకుండవచ్చును. ఊరకుండు హక్కు ఉన్నప్పుడే పిల్లవాడు నిజము చెప్పును.

రెండవ ఉపకరణము కథ. ఘూర్జర దేశమున గిజూభాయి బధేకా అను మహనీయుడుండెను. ఆయన 1885లో జన్మించెను, మొదట వకీలు. ఆ వృత్తిని మాని, 1920లో భావనగరములో దక్షిణామూర్తి బాలమందిరమును స్థాపించి, 1939లో కన్నుమూయువరకు పిల్లల సేవలోనే గడపెను. పిల్లలపై ఆయనకున్న ప్రేమకు గుర్తుగా జనులు ఆయనను "మీసాల తల్లి" అని పిలుచుకొనిరి. ఆయన వ్రాసిన "దివాస్వప్న" అను పుస్తకములో ఒక ఉపాధ్యాయుడు గోలచేయు తరగతిని మొదట మౌనముతో వశపరచుకొనబోయి ఓడిపోవును. తరువాత కథ చెప్పి గెలుచును. కథ చెప్పుటకు ముందు పిల్లలు ఒక గుంపు. కథ వినునప్పుడు వారు ఒక కుటుంబము.

అయితే మనము కథ చెప్పిన వెంటనే "దీనివలన నేర్చుకొనవలసిన నీతి యేమి?" అని అడిగెదము. పిల్లవాడు మనకు కావలసిన నీతిని చెప్పి కూర్చుండును. ఆ ప్రశ్నకు ముందు వేరొక ప్రశ్న అడుగవలెను: "అప్పుడు వాడికి ఎట్లా అనిపించి ఉంటుంది?" మన గ్రంథపాలకుడు ఆనాడు దూడను గూర్చి అడిగినది ఇదియే. తన్ను గూర్చి అడిగిన వాడు నోరు విప్పెడివాడు కాడు. దూడ మాటున చెప్పగలిగెను.

ఏడు చేపల కథ మనకందరకును తెలిసినదే. చేప ఎందుకు ఎండలేదని రాజకుమారుడు అడుగగా, ఆ విచారణ గడ్డిమోపు, ఆవు, ఆవును మేపువాడు, అన్నము పెట్టని అవ్వ మీదుగా పోయి చివరకు ఒక పిల్లవాని ఏడుపు దగ్గరకు, వానిని కుట్టిన చీమ దగ్గరకు చేరును. మనము దానిని నవ్వుకొనుటకే చెప్పుకొనుచున్నాము. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు అందులో పాఠమున్నది. హోంవర్కు చేయలేదు అనునది ఎండని చేప వంటిది. అక్కడనే ఆగి దండించిన, ఎక్కడనో చీమ కుట్టిన పిల్లవాడు అట్లే ఏడ్చుచుండును. ఒక్కొక్క మెట్టు దిగి ఓపికతో అడుగవలెను.

కథలకు మనకు కొదువ లేదు. "రేడియో అన్నయ్య, అక్కయ్య" అని పేరుగాంచిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో "బాల" పత్రికను ఆరంభించిరి. 1947లో "చందమామ" వచ్చినది. ఆ పత్రికలు ఆగిపోయినను వాని పాత సంపుటములు కొన్ని ఇండ్ల అటకలమీద ఉండవచ్చును; వానిని గ్రంథాలయమునకు ఇచ్చిన పుణ్యము. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయ గ్రంథములు తక్కువ వెలకు దొరకును. బెంగుళూరులో 2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో "స్టోరీవీవర్" అను అంతర్జాల గ్రంథాలయమును తెరిచినది. అందు తెలుగు బొమ్మల కథలను ఉచితముగా చదువవచ్చును, అచ్చు తీసికొనవచ్చును. ప్రతి ఇంట సెల్‌ఫోను ఉన్న ఈ కాలమున ఇది పెద్ద సదుపాయము. కాని ఫోను పిల్లవాని చేతికి ఇచ్చి మనము ప్రక్కకు పోరాదు. కథను కలిసి చదువవలెను.

మూడవ ఉపకరణము బొమ్మ. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టు ఆచారము మనకున్నది. ఆడపిల్లలు బొమ్మల పెండ్లిండ్లు చేయుచు అందులో వియ్యపురాలి అలకలను, అత్తగారి సాధింపులను ఎంత నిజముగా నటింతురో మీరెరుగుదురు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రాజుగారి యెదుట కూడ జంకకుండ మాటలాడుదురు. బొమ్మ నోట ఏ మాటనైనను అనవచ్చును. పాత మేజోటికి రెండు గుండీలు కుట్టిన బొమ్మ సిద్ధమగును. ఇద్దరు పిల్లలు పోట్లాడుకొన్నప్పుడు వారి తగవును ఆ బొమ్మలచేత ఆడింపుడు. పాత్రలను తారుమారు చేసి మరల ఆడింపుడు. కొట్టినవాడు కొట్టించుకొన్న బొమ్మను పట్టుకొని మాటలాడవలెను. ఎదుటివాని మనస్సులోనికి ప్రవేశించుటకు ఇంతకంటె సులభమైన మార్గమును నేనెరుగను.

ఇట్టిదే ఒక ప్రయత్నము కెనడా దేశమున జరిగినది. టొరంటో నగరములో మేరీ గోర్డన్ అను విదుషి 1996లో ఒక పద్ధతిని ఆరంభించెను. బడి సమీపమున నివసించు ఒక తల్లి గాని, తండ్రి గాని తమ పసిబిడ్డను సంవత్సరములో పలుమార్లు తరగతికి తెత్తురు. పచ్చని కంబళి పరచి బిడ్డను దానిమీద పడుకోబెట్టుదురు. పిల్లలు చుట్టును కూర్చుండి, ఇప్పుడు బిడ్డ ఎందుకు ఏడ్చుచున్నది, దేనిని చూచి బెదిరినది, ఏమి చేసిన ఊరడిల్లును అని ఆలోచింతురు. మాటలు రాని బిడ్డ మనస్సును కనిపెట్ట నేర్చినవాడు ప్రక్క బల్లమీది స్నేహితుని మనస్సును కనిపెట్టలేకపోవునా? మన ఊళ్ళో పసిబిడ్డలకు కొదువ లేదు, అరుగులకు కొదువ లేదు. తల్లి సమ్మతించిన నెలకొక్కసారి ఈ పాఠము మనము కూడ చేయవచ్చును. మగపిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడని నా మనవి. బిడ్డను సాకుట ఆడువారి పనియేయని, మగవాడు ఏడువరాదని వారికి మనము చిన్ననాటనే నేర్పుచున్నాము. ఏడుపును మ్రింగ నేర్చిన పిల్లవాడు పెద్దయైన పిమ్మట దానిని కోపముగా భార్యమీద, బిడ్డలమీద కక్కుట మనము చూచుచునే యున్నాము.

ఇక కుటుంబమును గూర్చి. ఇంగ్లీషులో అంకుల్ అను ఒక్క మాటకు మనకు పెదనాన్న, బాబాయి, మేనమామ, మామయ్య అని వేరువేరు మాటలున్నవి. ఆంటీ అనుటకు పెద్దమ్మ, పిన్ని, మేనత్త, అత్తయ్య ఉన్నారు. ఒక్కొక్క పిలుపులో ఒక్కొక్క బాధ్యత ఇమిడియున్నది. ఈ పిలుపులను పిల్లలచేత సేకరింపజేసి, ఎవరు ఎవరికి ఏమగుదురో పటముగా గీయింపవచ్చును. ముసలివారిని అడిగి తెలిసికొని రమ్మన్న, ఆ నెపముతో తాతలతో మనుమలు మాటలాడుదురు.

కాని నా పాత తప్పును మీరు చేయవద్దు. తండ్రి, తల్లి, ఇద్దరు బిడ్డలు అను ఒక్క అచ్చులో అన్ని కుటుంబములను పోయరాదు. తండ్రి లేని ఇల్లు ఉన్నది. తల్లి పరదేశమున ఉన్న ఇల్లు ఉన్నది. అమ్మమ్మ పెంచుచున్న బిడ్డ ఉన్నది. హాస్టలులో పెరుగుచున్నవాడు ఉన్నాడు. కాబట్టి పటమును వేరు విధముగా గీయింపుడు. ముగ్గులో మధ్య చుక్క పెట్టినట్లు పిల్లవాని పేరును నడుమ పెట్టి చుట్టును వలయములు గీయవలెను. "నీకు జ్వరం వస్తే పక్కన కూర్చునేదెవరు? నీకు మంచి మార్కులు వస్తే మొదట ఎవరికి చెప్తావు? నీకు భయమేస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తుతావు?" అని అడిగి, వారి పేర్లను దగ్గరి వలయములో వ్రాయింపవలెను. ఆ పేరు నాయనమ్మది కావచ్చును, ప్రక్కింటి పిన్నిది కావచ్చును. దగ్గరి వలయములో ఒక్క పేరైనను వ్రాయలేని పిల్లవాడు కనబడిన, ఉపాధ్యాయుడు ఆ దినమున నిద్రపోరాదు.

ఇప్పుడు కొంత కష్టమైన విషయము చెప్పవలసియున్నది. తల్లులు సిగ్గుపడవద్దు, తండ్రులు లేచిపోవద్దు. తన శరీరము తనదని, దానిని తాకకూడని రీతిగా ఎవరు తాకినను, వారు ఎంత దగ్గరివారైనను, ఎంత పెద్దవారైనను, "వద్దు" అని గట్టిగా చెప్పి, అక్కడనుండి వచ్చివేసి, నమ్మినవారికి చెప్పవలెనని ప్రతి బిడ్డకును నేర్పవలెను. ఇందుకు ఉపకరణము ఒక బాలుని బొమ్మ, ఒక బాలిక బొమ్మ మాత్రమే. అవయవములకు వాని పేర్లు సిగ్గులేకుండ చెప్ప నేర్పవలెను. పేరు తెలియని బిడ్డ జరిగినదానిని చెప్పజాలదు. 18 ఏండ్లలోపు బాలబాలికలను ఇట్టి దుర్మార్గములనుండి రక్షించుటకు 2012లో పార్లమెంటు పోక్సో చట్టమును చేసినది. సంగతి తెలిసినవారు అధికారులకు తెలుపకుండుట ఆ చట్టము ప్రకారము నేరము. 1996లో బొంబాయిలో ఆరంభమైన 1098 అను పిల్లల సహాయ టెలిఫోనునకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనను ఉచితముగా చెప్పుకొనవచ్చును. ఆ నాలుగు అంకెలను మన గ్రంథాలయపు గోడమీద పిల్లల కంటికి అందునంత ఎత్తున వ్రాయించుడు. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు "నోరు మూసుకో, నలుగురూ వింటారు" అనువారు ఆ నేరమునకు కాపలా కాయుచున్నారని మరువవద్దు.

ఈ మాటలు వినిన కొందరు పెద్దలు రెండు ఆక్షేపణలు చేయుదురు. మొదటిది: "మా కాలములో ఈ పాఠములు లేవు, మేము పెరుగలేదా?" పెరిగితిమి. మనకు వెన్నెలలో పడుకోబెట్టి కథలు చెప్పిన అవ్వలుండిరి; నిండు లోగిలిలో ఒకరు కసరిన ఒకరు ఓదార్చెడివారు. ఆ బడి మూతపడినది కాబట్టి ఈ బడి తెరువవలసివచ్చినది. మరియొక మాట. ఆ నిండు లోగిళ్ళలోనే గుడ్ల నీరు కుక్కుకొని బ్రతికిన కోడండ్రు, బెత్తము దెబ్బలకు బడి మానివేసిన పిల్లలు ఎందరో ఉండిరి. వారిని మనము లెక్కించలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను శరీరముచేత గాని, మనస్సుచేత గాని హింసించి దండించుటను నిషేధించినది. బెత్తమును మూలపెట్టితిమి, మంచిదే. దాని స్థానమున ఏమి చేతబట్టవలెనో ఉపాధ్యాయునికి చెప్పకున్న వెటకారమును చేతబట్టును. అది బెత్తముకంటె లోతుగా తగులును.

రెండవ ఆక్షేపణ: "ఇంటి గుట్టును బడిలో బయటపెట్టింతురా?" ఇది న్యాయమైన భయము. అందుచేతనే కథలోని పిల్లవానిని గూర్చి మాటలాడింపవలెను కాని నీ ఇంట ఏమి జరిగినదని నలుగురిలో అడుగరాదు. ఎవరిని బలవంతపెట్టరాదు. ఒకరు చెప్పినదానిని మరియొకరు వెక్కిరింపరాదు. పిల్లవాడు ఒంటిగా చెప్పినదానిని ఉపాధ్యాయుడు అరుగుమీద చెప్పుకొనరాదు. బిడ్డకు అపాయమున్నప్పుడు మాత్రమే తగినవారికి చెప్పవలెను. అదియు చెప్పబోవుచున్నానని బిడ్డతో ముందుగా చెప్పవలెను. ఈ కట్టుబాటులు లేని పాఠము కంటె పాఠము లేకుండుటే మేలు.

ప్రభుత్వములు కూడ ఈ వైపు చూపు త్రిప్పినవి. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2018 జూలైలో నర్సరీ మొదలు 8వ తరగతివరకు "హ్యాపీనెస్" అను పేర కథలతో, సంభాషణలతో, కొంతసేపు నిశ్శబ్దముగా కూర్చుండుటతో కూడిన ఒక పాఠ్యక్రమమును ప్రవేశపెట్టిరి. అందులో వ్రాతపరీక్షలు పెట్టలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము బుద్ధితోపాటు పిల్లల సాంఘిక, మానసిక శక్తులను కూడ పెంపొందింపవలెనని చెప్పినది. మంచిదే. కాని ఢిల్లీనుండి కాగితము వచ్చువరకు మన పిల్లవాని బెంగ ఆగదు.

కాబట్టి ఈ రజతోత్సవ సందర్భమున నేను మిమ్ము కోరునవి నాలుగు. ఒకటి, మన గ్రంథాలయములో పిల్లల చేతికి అందునంత ఎత్తున ఒక అలమర, అందు బొమ్మల కథల పుస్తకములు. రెండు, శనివారము సాయంకాలము ఒక గంట కథాకాలము. ఊరిలోని అవ్వలు, తాతలు వంతులవారీగా వచ్చి కథ చెప్పవలెను. మూడు, తాళము వేసిన ఒక ఉత్తరముల పెట్టె. నోట చెప్పలేనిదానిని పిల్లలు కాగితముమీద వ్రాసి వేయుదురు. దాని తాళపుచెవి నమ్మకమైన ఒక్కరియొద్దనే ఉండవలెను. వారమునకొక్కసారి తప్పక తెరువవలెను. తెరువని పెట్టె పెట్టుటకంటె పెట్టకుండుట మంచిది. నాలుగవది డబ్బుతో రానిది. రాత్రి భోజనమువేళ ఫోను ప్రక్కన పెట్టి, మార్కులను గూర్చి కాక, "ఇవాళ నీకు సంతోషం కలిగించిందేమిటి? బాధ కలిగించిందేమిటి?" అని మీ బిడ్డను అడుగుడు. మొదటి నాడు "ఏమీ లేదు" అనును. పదవ నాడు చెప్పును. చెప్పినప్పుడు మధ్యలో దిద్దవద్దు.

ఆ దూడ పుస్తకము నేటికిని మన బీరువాలో ఉన్నది. ఈ ఉదయము తీసి చూచితిని. అట్ట రెండుమార్లు కుట్టించిరి. దూడ ఒంటరిగా నిలిచిన పుట మీద పిల్లల వ్రేళ్ళ మరకలు మిక్కిలిగా ఉన్నవి. ఆ పుటను అంతసేపు చూచిన పిల్లలు ఒక్కరు కారని ఆ మరకలే చెప్పుచున్నవి. వారందరిని "ఈ దూడకేమైందిరా?" అని అడిగినవారు ఉండిరో లేదో నాకు తెలియదు. ఇకముందు అడుగువారు ఉండునట్లు చేయుట మన చేతిలోని పని.